ఆ మూడు లక్షలు కట్టొద్దన్నా

ప్రశ్న: మాది కొండపి దగ్గర పల్లె. పొగాకు రైతును. మా వాడు 2024లో బీఎస్సీ కంప్యూటర్స్ పాసయ్యాడు, 61 శాతం మార్కులు. అమీర్‌పేటలో మూడు నెలలు ఉండి వెబ్‌సైట్లు తయారుచేసే ఫుల్ స్టాక్ కోర్సు చేశాడు. ఎక్కడికి వెళ్లినా బీటెక్ ఉందా, ఎక్స్‌పీరియన్స్ ఉందా అంటున్నారట. ఆరు నెలలుగా ఇంట్లోనే ఉన్నాడు, ఎవరితోనూ సరిగా మాట్లాడడు. మూడు లక్షలు కడితే మూడేళ్ల అనుభవం ఉన్నట్టు కాగితాలు పుట్టించి బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో పెట్టిస్తానని తెలిసినాయన ఒకరు చెబుతున్నారు. వేలంలో వచ్చిన డబ్బుకు కొంత వడ్డీకి తెచ్చి కలిపి కట్టేద్దామా? మా పాప కూడా ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది.

సమాధానం: అన్నా, కట్టొద్దు. ఆయన మీకు ఎంత దగ్గరి మనిషైనా సరే, కట్టొద్దు. మాట ఇచ్చేసి ఉంటే ఈరోజే ఫోన్ చేసి వద్దని చెప్పండి.

ఎందుకో చెబుతాను. ఉద్యోగంలో చేరాక కంపెనీలు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్, అంటే మనం చెప్పినవన్నీ నిజమేనా అని ఆరా, చేయిస్తాయి. అనుభవం ఉందని చెప్పినవాడిని పీఎఫ్ ఖాతాకు ఉండే యూఏఎన్ నంబరు అడుగుతారు. ఏ నెలలో ఏ కంపెనీ పీఎఫ్ కట్టిందో ఆ పాస్‌బుక్‌లో వరసగా కనిపిస్తుంది. జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్లు కూడా అడుగుతారు. దొంగ కాగితం ఇక్కడ దొరికిపోతుంది. నా దగ్గరికి వచ్చిన ఒకబ్బాయి ఇలాగే డబ్బు కట్టి చేరాడు. నాలుగో నెలలో రిపోర్టు వచ్చింది. భోజనానికి లేవబోతుంటే పిలిచి ల్యాప్‌టాప్, ఐడీ కార్డు తీసేసుకున్నారు. ఊరికొచ్చి నెల రోజులు ఇంట్లో చెప్పలేదు. వర్క్ ఫ్రమ్ హోమ్ అని పొద్దున్నే గది తలుపేసుకుని కూర్చునేవాడు. వాళ్లమ్మ అన్నం ప్లేటు తలుపు దగ్గర పెట్టి వెళ్లేదట. ఆ అప్పు ఇంకా తీరలేదు.

ఒకవేళ దొరక్కపోయినా, మూడేళ్ల అనుభవమని చెప్పి చేరినవాడికి మొదటి వారంలోనే ఆ స్థాయి పని ఇస్తారు. మూడు నెలల కోర్సుతో అది ఎలా చేస్తాడు? ఆ టెన్షన్ తట్టుకోలేక వాళ్లే మానేసి వచ్చేసిన పిలకాయలను కూడా చూశాను.

ఇక మీ వాడి సంగతి. ఇంతవరకు అతను తట్టిందంతా ఒకే తలుపు. ఫుల్ స్టాక్ డెవలపర్ ఉద్యోగానికి బీటెక్ వాళ్లు కుప్పలుగా దరఖాస్తు చేస్తారు. ఐటీ అంటే కోడింగ్ ఒక్కటే కాదు. పెద్ద కంపెనీలో వేలమంది కంప్యూటర్ల ముందు కూర్చుని పనిచేస్తుంటారు. వాళ్లకు లాగిన్ కాకపోయినా, మెయిల్ ఆగిపోయినా, ప్రింటర్ మొరాయించినా ఫోన్ చేసేది సర్వీస్ డెస్క్‌కే. దాన్ని హెల్ప్‌డెస్క్ అనీ అంటారు. డెస్క్‌టాప్ సపోర్ట్, నెట్‌వర్క్ మానిటరింగ్, మాన్యువల్ టెస్టింగ్ కూడా ఇలాంటి మొదటి మెట్టు పనులే. మామూలు డిగ్రీ ఉన్న ఫ్రెషర్‌ను తీసుకునే చోట్లు ఎక్కువగా ఇక్కడే ఉంటాయి.

ఆ పని ఎలా ఉంటుందో చెబుతాను, ఇది మీ వాడికి చదివి వినిపించండి. ఏదో బ్రాంచి ఆఫీసు నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసి 'నెట్ రావట్లేదు' అంటుంది. పక్క సీటు వాళ్లకు వస్తోందా అని ముందు అడగాలి. వస్తోందంటే తేడా ఆ ఒక్క కంప్యూటర్‌లోనే ఉన్నట్టు. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ అని కొట్టమనాలి. నెట్‌వర్క్‌లో ఆ కంప్యూటర్‌కు ఉండే నంబరును ఐపీ అడ్రస్ అంటారు. వచ్చిన అడ్రస్ 169.254తో మొదలైతే, నెట్‌వర్క్ నుంచి ఆ కంప్యూటర్‌కు అడ్రస్ అందలేదని, అందక తనంతట తనే ఒకటి పెట్టుకుందని అర్థం. కేబుల్‌ను వేరే పోర్టులో పెట్టించాలి, అడ్రస్ మళ్లీ అడిగించాలి, అప్పటికీ రాకపోతే అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ సంగతి చూడమని పైవాళ్లకు పంపాలి. చేసిందంతా టికెట్‌లో, అంటే ఆ ఫిర్యాదు నమోదులో, రాయాలి. మొదట ఫోన్ ఎత్తేవాడు ఎల్1, అతను తేల్చలేనిది ఎల్2కు వెళుతుంది. ఓపికగా వినడం, ఒక్కొక్కటీ తీసేస్తూ కారణం పట్టుకోవడం, అర్థమయ్యేలా రాయడం. ఇంటర్వ్యూలో చూసేది ఈ మూడే. దీనికి బీటెక్ అవసరం లేదు.

నేర్చుకోవడానికి మళ్లీ అమీర్‌పేట పంపొద్దు. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో నెట్‌వర్కింగ్, కంప్యూటర్ హార్డ్‌వేర్ పాఠాలు ఉచితంగా ఉన్నాయి. ప్యాకెట్ ట్రేసర్ అనే వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో రూటర్లు, స్విచ్‌లు కొనకుండానే కలిపి చూడొచ్చు. ఇన్ఫోసిస్ స్ప్రింగ్‌బోర్డ్ ఉచితమే. కేంద్ర ప్రభుత్వ స్వయం పోర్టల్‌లో పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ పరీక్షకు మాత్రం ఫీజు కట్టాలి. మూడు నెలలు రోజుకు నాలుగు గంటలు కూర్చుంటే మొదటి ఇంటర్వ్యూలకు సరిపడా పట్టు వస్తుంది.

వీటితో పాటు అతనితో ఇంకో పని చేయించండి. మీరు పొగాకు కాల్చే బ్యారన్ లెక్కలు ఇప్పటికీ నోటు పుస్తకంలోనే ఉంటాయనుకుంటాను. వాటిని ఎక్సెల్‌లో పెట్టమనండి. బేలు నంబరు, బరువు, గ్రేడు, కిలోకు పలికిన ధర, వేలం తేదీ, ఇటు కూలీ, వంట చెరకు, ఎరువుల ఖర్చు. ఏ గ్రేడుకు సగటున ఎంత వచ్చిందో, ఏ నెలలో ధర తగ్గిందో ఒక్క నొక్కుతో తేలేలా పివట్ టేబుల్ కట్టమనండి. ఇంటర్వ్యూలో 'నువ్వు చేసిన పని ఏంటి' అని అడిగితే ఇన్‌స్టిట్యూట్‌లో అందరికీ ఇచ్చిన షాపింగ్ వెబ్‌సైట్ ప్రాజెక్టు గురించి తడబడడు, సొంత ఇంటి లెక్క గురించి కళ్లలోకి చూసి చెబుతాడు. ఆ తేడా అవతలివాళ్లకు తెలుస్తుంది.

ఇంగ్లిష్ భయం ఉంటుంది, తెలుగు మీడియం నుంచి వచ్చిన దాదాపు అందరికీ ఉంటుంది. రోజూ ఏదో ఒక కంప్యూటర్ సమస్య, దాన్ని సరిచేసిన తీరు రెండు నిమిషాలు ఇంగ్లిష్‌లో చెప్పి ఫోన్‌లో రికార్డు చేసుకుని వినమనండి. మొదటి వారం వినలేక ఆపేస్తాడు, ఆపనివ్వకండి.

ఈలోగా ఒంగోలులో కంప్యూటర్లు, సీసీ కెమెరాలు బాగుచేసే ఏదో ఒక షాపులో చేర్పించండి. చీమకుర్తి గ్రానైట్ ఆఫీసులు, ప్రైవేటు ఆసుపత్రులు, ఇటు నెల్లూరు వైపు రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లు, అన్నిటికీ కంప్యూటర్లు చూసే మనిషి కావాలి. జీతం తక్కువే ఇస్తారు. అయినా ఆరు నెలలు నిజంగా చేసిన పనికి లెటర్‌హెడ్ మీద ఒక కాగితం వస్తుంది. మీరు మూడు లక్షలకు కొనబోయిన దానికంటే అది విలువైనది. కేంద్రం నడిపే నాట్స్ అప్రెంటిస్ పోర్టల్‌లో పేరు నమోదు చేయించండి, డిగ్రీ వాళ్లకు కూడా అందులో చోటుంది. స్టైపెండ్ ఇస్తూ ఏడాది పని నేర్పుతారు. ఆ శిక్షణ చూసే దక్షిణాది బోర్డు ఆఫీసు చెన్నైలోనే ఉంది. రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ జాబ్ మేళాలకు కూడా వెళ్లమనండి.

హైదరాబాద్, బెంగళూరులతో పాటు చెన్నైలోనూ వెతకమనండి. పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కితే దిగేది అక్కడే, మన జిల్లా పిల్లలు ఎందుకో ఆ ఊరిని లెక్కలోకి తీసుకోరు. చాలా ఎల్1 ఉద్యోగాలు కాంట్రాక్ట్ కంపెనీల పేరోల్ మీద ఉంటాయి. చిన్నతనం అనుకోవద్దు. ఆఫర్ లెటర్, పీఎఫ్ ఉంటే చాలు. జీతం 21 వేల లోపు అయితే ఈఎస్ఐ కూడా ఉండాలి. మొదట్లో నెలకు 15 నుంచి 20 వేలు వస్తుంది, నైట్ షిఫ్టులు ఉంటాయి, హాస్టల్ ఖర్చు పోగా మీకు పంపేది ఏమీ ఉండదు. ఏడాది, ఏడాదిన్నర దాకా ఇంటికి డబ్బు అడగకండి. ఆ తర్వాత ఎల్2కో, క్లౌడ్ వైపుకో, నెట్‌వర్క్ వైపుకో వెళ్లే దారి అక్కడి నుంచే దొరుకుతుంది.

ఉద్యోగం ఇస్తామంటూ డిపాజిట్, ల్యాప్‌టాప్ ఛార్జీ అని ఎవరు అడిగినా పైసా పంపొద్దు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ వదిలి రావద్దు. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

పాప లెక్కలు చదువుతోంది కాబట్టి ఒక్క మాట. చెన్నై జోహో కంపెనీ నడిపే జోహో స్కూల్స్‌లో ఇంటర్ పాసైన పిల్లలను పరీక్ష పెట్టి తీసుకుంటారు. ఫీజు లేదు, శిక్షణలోనే స్టైపెండ్ ఇస్తారు. ఒకసారి ప్రయత్నించనివ్వండి.

చివరిగా, మీ వాడు ఎవరితోనూ మాట్లాడడం లేదన్నారు, నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఆ మాటే. వేలంలో ఎవరూ పాడక బేలు నోబిడ్ అయితే మీరు దాన్ని పారేయరు కదన్నా. ఇంటికి తెచ్చి, విప్పి, ఆకు ఏరి, మళ్లీ గ్రేడు కట్టి తీసుకెళతారు. వాడితో కూర్చుని ఆ మాటే చెప్పండి. పక్కింటి బీటెక్ కుర్రాడి జీతం ఇంట్లో ఎత్తొద్దు. ఈ రాత్రే నోటు పుస్తకం తెచ్చి వాడి ముందు పెట్టండి. మీరు బేలు నంబర్లు, బరువులు చదువుతుంటే వాడు ఎక్కించుకుంటాడు.