ఇంటి చుట్టూ వాన నీళ్లు నిలుస్తుంటే గ్రావెల్ పోయించాలా, ఇంకుడు గుంట తవ్వించాలా?

మీ ప్రశ్నలో సగం మా ఇంటి సంగతే. 200 గజాల స్థలం, పడమర రోడ్డు, నల్లరేగడి నేల. వానపడితే పెరట్లో, ఉత్తరం సందులో నీళ్లు నిలిచి రెండు రోజులైనా కదలవు, హాలు గోడ అడుగున పెయింట్ పొక్కులు లేస్తోంది అన్నారు. మేస్త్రీ నాలుగు ట్రాక్టర్ల గ్రావెల్ (చిన్న రాళ్లు కలిసిన ఎర్రమట్టి) తోలించమంటున్నారు, మీ బావగారు ఇంకుడు గుంట చాలంటున్నారు, ఏది చేయించాలని అడిగారు. నన్నడిగితే ఈ రెండిటికీ ఇప్పుడే డబ్బు పెట్టకండి. ముందు లెవెల్ పైపు పట్టి, నీళ్లు మీ స్థలం దాటి బయటికి పోవాల్సిన చోటు ఎంత ఎత్తులో ఉందో కొలవండి. మిగతా లెక్కంతా అక్కడి నుంచి వెనక్కి వేసుకోవాలి.

మాది గుంటూరు దగ్గర లేఅవుట్‌లో ఇల్లు. కట్టుకున్నప్పుడు మా గేటు రోడ్డు కన్నా ఎత్తులోనే ఉండేది. తర్వాత సిమెంట్ రోడ్డు వచ్చింది, పాతది తవ్వకుండానే దాని మీద ఇంకో పొర వేశారు. పక్క కాలువ గోడలు కూడా దాంతోపాటే పైకి లేచాయి. మొదట పిలిచిన కాంట్రాక్టర్ చేసిందల్లా మీ మేస్త్రీ చెబుతున్నదే. గ్రావెల్ తోలించి, బల్లపరుపుగా చదును చేసి వెళ్లాడు. చూడటానికి ముచ్చటగా ఉంది. మొదటి పెద్ద వానకే నీళ్లన్నీ ఇంటి గోడ పక్కకి చేరాయి. ఎందుకంటే పునాది కోసం తవ్విన కందకాన్ని తర్వాత వదులు మట్టితో పూడుస్తారు. ఆ మట్టి ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా కుంగుతూనే ఉంటుంది. పైన ఎంత చదును చేసినా చివరికి పల్లం అయ్యేది గోడ వారే. చాలా ఇళ్లలో చెమ్మకి మూలం ఇదే, జనం మాత్రం గోడకి వాటర్ ప్రూఫ్ పెయింట్లు కొడుతుంటారు.

తర్వాత వచ్చిన పెద్ద తాపీ మేస్త్రీ అడిగిన మొదటి మాట, "నీళ్లు ఎక్కడ వదలాలమ్మా?" అని. ఆయన గ్రావెల్ ఊసే ఎత్తలేదు, గొట్టం తీసి కొలతలు మొదలుపెట్టాడు.

అది మీరూ చేసుకోవచ్చు. లెవెల్ పైపు అంటే హార్డ్‌వేర్ షాపులో దొరికే పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టమే. బుడగలు లేకుండా నీళ్లు నింపి, ఒక కొస రోడ్డు కాలువ దగ్గర, రెండో కొస పెరటి మూల పట్టుకుంటే రెండు చోట్లా నీళ్లు ఒకే మట్టంలో ఆగుతాయి. అక్కడి నుంచి కిందికి టేపు పెట్టి కొలిస్తే ఎక్కడ ఎంత ఎత్తో, ఎంత పల్లమో తెలిసిపోతుంది. కాలువ అడుగు, గేటు, రెండు సందుల మధ్యభాగం, పెరటి మూలలు, ఇంటి బేస్‌మెంట్ (నేల పైకి కనిపించే పునాది గోడ) పైఅంచు, ఇవన్నీ కాగితం మీద రాసుకోండి. కాలువకి అడుగు కొలత ఒక్కటే చాలదు. గట్టి వానలో అది ఎంతవరకు నిండుతుందో లోపలి గోడ మీద మరక చెబుతుంది, దాన్ని కూడా కొలవండి. ఆ మరక మీ పెరటి నేల కన్నా పైన ఉంటే, పెరటి నుంచి కాలువకి ఉత్త పైపు వేస్తే గట్టి వానల్లో రోడ్డు నీళ్లు మీ పెరట్లోకే వస్తాయి.

ఇక వాటం. టైల్స్, పేవర్లు, గచ్చు ఉన్నచోట 10 అడుగులకి 2 అంగుళాలు దిగితే బాగుంటుంది, మట్టి లేదా గడ్డి అయితే 3 అంగుళాలు. మన సందు 4 అడుగులే కాబట్టి ఇంటి గోడ నుంచి ప్రహరీ వైపు అంగుళం పైచిలుకు దిగినా చాలు. అసలు చిక్కు పొడవులో వస్తుంది. 200 గజాలంటే దాదాపు 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు కదా. పెరటి మూల నుంచి రోడ్డు దాకా 60 అడుగులూ వందకి ఒకటి చొప్పున (100 అడుగులకి 1 అడుగు దిగేలా) వాటం పెడితే 7 అంగుళాల పైనే దిగాలి. నున్నగా చేసిన సిమెంట్ కాలువ అయితే రెండొందలకి ఒకటి పెట్టినా నీళ్లు పారతాయి, అప్పుడు మూడున్నర అంగుళాలు చాలు. కానీ అంత తక్కువ వాటంలో ఒక్కచోట మేస్త్రీ చెయ్యి పైకి లేచినా అక్కడ నీళ్లు ఆగుతాయి. అందుకే సిమెంట్ గట్టిపడ్డాక ఒక బకెట్ నీళ్లు పోసి చూపించమనండి. మేస్త్రీ విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి.

యూట్యూబ్ చూసి గులకరాళ్ల మధ్య చిల్లుల పైపు పెడతామన్నారు. ఆ వీడియోలు ఎక్కువగా అమెరికావి. డల్లాస్ దగ్గరుండే మా తమ్ముడి ఇంటి కింద కూడా ఉబ్బే బంకమట్టే, కానీ అక్కడి ఇళ్ల నియమావళి గోడ నుంచి మొదటి 10 అడుగుల్లో 6 అంగుళాలు దిగాలంటుంది. మనకి ఆ 10 అడుగులే లేవు, కాబట్టి ఆ వీడియోల్లో చూపించింది మనకి అలాగే కుదరదు.

నల్లరేగడి గురించి కాస్త వివరంగా చెప్పాలి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుని నెర్రెలిస్తుంది. వేసవిలో గోడకీ నేలకీ మధ్య చెయ్యి పట్టేంత సందు విడుతుంది, తొలకరి నీళ్లు అందులోంచి నేరుగా పునాదికి దిగుతాయి. ఒకవైపు తడి, ఒకవైపు పొడి ఉంటే పునాది ఒకవైపే లేచి గోడలు మూలల దగ్గర ఏటవాలుగా బీటలు వారతాయి. కాబట్టి మీకు నీళ్లు నిలవకుండా చూడటం ఎంత ముఖ్యమో, గోడ పక్క తడి మారకుండా చూడటం అంతకన్నా ముఖ్యం. మేం చేయించింది ఇదీ: గోడ వెంట 3 అడుగుల వెడల్పున అడుగు లోతు నల్లమట్టి తీసేసి, ఎర్ర గ్రావెల్‌ను అరడుగు పొరలుగా పోసి, తడిపి, దిమ్మిసతో కొట్టించి, ఆ పైన బయటికి వాటంగా గచ్చు చేయించాం. గచ్చుకీ గోడకీ మధ్య సందును తారు లాంటి సీలెంట్‌తో నింపాం, సిమెంట్‌తో కాదు. సిమెంట్ అయితే రెండో వేసవికే విడిపోతుంది. గోడ వారన ఉన్న అరటి పిలకలు, మల్లె పాదులు కూడా తీసి ప్రహరీ పక్కకి మార్చాం. మా అత్తగారికి అది నచ్చలేదు.

గ్రావెల్ బదులు చవగ్గా వస్తుందని ఇసుకో బుసకో పోయిస్తామంటే ఒప్పుకోకండి. చుట్టూ నీరు త్వరగా దిగని నల్లమట్టి, మధ్యలో ఇసుక ఉంటే అది నీళ్ల తొట్టి అవుతుంది. పైన పొడిగా కనిపిస్తుంది, లోపల పునాది పక్కనే నీళ్లు నిలిచి ఉంటాయి.

మీ బావగారి ఇంకుడు గుంటకీ ఇదే సమస్య. హైదరాబాద్‌లో మొరం నేలలున్న చోట అది చక్కగా పనిచేస్తుంది, నల్లరేగడిలో ఒకసారి నిండితే అలాగే ఉండిపోతుంది. అనుమానంగా ఉంటే పెరట్లో అడుగున్నర లోతు గుంట తీసి, ఒకసారి నీళ్లు నింపి ఇంకనిచ్చి, మళ్లీ నింపి తెల్లారి చూడండి. సగం కూడా దిగకపోతే ఇంకుడు గుంట మీద ఆశ పెట్టుకోకండి. దిగితే తవ్వించండి, కానీ పునాదికి వీలైనంత దూరంగా.

డాబా నీళ్ల సంగతి మీరు అసలు ప్రస్తావించలేదు. 1000 చదరపు అడుగుల డాబా మీద 5 సెంటీమీటర్ల వాన పడితే సుమారు 4,600 లీటర్లు, అంటే దాదాపు ఒక ట్యాంకర్ నీళ్లు. ఆ పైపులు ఎక్కడ వదులుతున్నాయో చూడండి. మన దగ్గర చాలా ఇళ్లలో గోడ అడుగున ఒక ఎల్బో పెట్టి అక్కడే వదిలేస్తారు. ఏ పనీ మొదలుపెట్టకముందే ఆ పైపులకి ముక్కలు అతికించి నీళ్లు ఇంటి గోడకి దూరంగా, ప్రహరీ పక్కన పడేలా చేయండి. కొన్ని ఇళ్లకి ఆ ఒక్కటే చాలు. సెప్టిక్ ట్యాంకులోకి మాత్రం కలపకండి, వానాకాలంలో అది పొంగి లెట్రిన్‌లోకి ఎదురు తంతుంది.

ఈశాన్యం విషయానికొద్దాం. మీ నాన్నగారు వాస్తు ప్రకారం నీళ్లు ఈశాన్యం నుంచే పోవాలంటున్నారన్నారు. మా మామగారూ అదే పట్టు. రోడ్డు పడమర, పల్లం ఈశాన్యం అంటే నీళ్లు ముందు వెనక్కి వెళ్లి మళ్లీ ముందుకు రావాలి, ఎత్తు రెండుసార్లు ఖర్చవుతుంది. మేం పెరటి వాటం ఈశాన్యానికి పెట్టించి, అక్కడ చిన్న చాంబర్ కట్టి, దాన్నుంచి 6 అంగుళాల పైపు ఉత్తరం సందు కింద నుంచి రోడ్డు కాలువకి ఇచ్చాం. మా కాలువ గోడలు లేచినా అడుగు పాత లోతులోనే ఉంది కాబట్టి కుదిరింది. పైపు చివర నాన్ రిటర్న్ వాల్వ్ (నీళ్లను బయటికి పోనిచ్చి, వెనక్కి రానివ్వనిది) పెట్టాం. కాలువ నిండుగా పారుతున్నప్పుడు మా నీళ్లు కాసేపు చాంబర్ దగ్గర ఆగుతాయి, వాన తగ్గాక పోతాయి. మీ కాలువ అడుగు పెరటి కన్నా కనీసం ఒకటిన్నర అడుగులు కింద లేకపోతే ఈ పద్ధతి మీకు కుదరదు. అప్పుడు మీ నాన్నగారిని కూర్చోబెట్టి ఆ కొలతలు చూపించండి, శాస్త్రం కన్నా టేపు త్వరగా ఒప్పిస్తుంది.

కాలువే మీ కన్నా ఎత్తులో ఉంటే రెండు దారులు. ఒకటి, పెరడంతా లేపడం. దీనికో హద్దు ఉంది. బేస్‌మెంట్ మీద గోడ మొదలయ్యే చోట చెమ్మ పైకెక్కకుండా వేసే కాంక్రీట్ పట్టీ ఉంటుంది, నేల దానికి కనీసం అరడుగు కిందే ఆగాలి. దాన్ని దాటితే మట్టి తడి నేరుగా ఇటుకలోకి ఎక్కుతుంది, చెదలకీ దారి దొరుకుతుంది. నాలుగు ట్రాక్టర్ల గ్రావెల్‌తో ఆ హద్దు దాటేస్తారేమో ముందే లెక్క చూసుకోండి. రెండోది, 3 అడుగుల గుంట కట్టి అర హార్స్‌పవర్ పంపు, నీళ్లు పెరగగానే దాన్ని ఆన్ చేసే ఫ్లోట్ స్విచ్ పెట్టడం. నాకు ఇది చివరి దారి. మన దగ్గర పెద్ద వాన పడేది తుఫానుకే, కరెంటు పోయేదీ అప్పుడే. ఇన్వర్టర్ మీద నడిచే పంపు అయితేనే పెట్టించండి.

పక్కవాళ్ల ఖాళీ స్థలంలోకి పైపు పెడదామన్న ఆలోచన మానుకోండి. ఎత్తు నుంచి పల్లానికి సహజంగా పారే నీటిని పల్లంలో ఉన్నవాళ్లు అడ్డుకోకూడదని 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టంలో ఉంది. ఆ హక్కు సహజంగా పారే నీటికే, మీరు పోగుచేసి పైపులో వదిలిన దానికి కాదు. రేపు అక్కడ ఇల్లు లేస్తే మొదటి గొడవ మీతోనే. ఇంకోటి, ఈ పనులన్నీ మన ప్రహరీ లోపల పడిన వానకే. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు పొంగినట్టు ఊరి మీదికే నీళ్లొస్తే ఏ వాటమూ ఆపలేదు.

పని వేసవి మధ్యలో కాకుండా, నేల కొంచెం తేమగా ఉన్నప్పుడు పెట్టుకోండి. నెర్రెలు విచ్చిన నేల మీద పోసిన గ్రావెల్ వానాకాలం రాగానే లేస్తుంది. ముందు కాలువ అడుగు, కాలువ మరక, పెరటి మూల, బేస్‌మెంట్ పైఅంచు, ఈ నాలుగు కొలతలు తీసి ఇక్కడ రాయండి. డాబా పైపులు ఎన్ని ఉన్నాయో, ఎటు దిగుతున్నాయో కూడా చెబితే, కాలువ ఏ సందులో వేయాలో చెప్పగలను.