ఒక్క నెట్ కనెక్షన్‌తో మూడు కంప్యూటర్లు నడుస్తాయా?

ప్రశ్న: ఒంగోలులో మాది డాబా ఇల్లు. కింద ఫైబర్ కనెక్షన్ ఉంది. మేడ మీద రెండు కంప్యూటర్లకు ఇంకో కనెక్షన్ తీసుకోవాలా?

అక్కర్లేదండీ. బయటి ప్రపంచానికి మీ ఇల్లంతా ఒకే ఐపీ అడ్రస్ (నెట్‌లో చిరునామా లాంటి నంబరు). లోపల మాత్రం రౌటర్ ఒక్కో కంప్యూటర్‌కి 192.168.1.2, 192.168.1.3 అంటూ విడి నంబర్లు ఇస్తుంది. ఏ పేజీ ఎవరు అడిగారో పోర్టు నంబరుతో (ఒక్కో కనెక్షన్‌కి ఉండే గుర్తు నంబరు) గుర్తుపెట్టుకుని, అది రాగానే వాళ్లకే అందిస్తుంది. దీన్ని నాట్ (NAT, నెట్‌వర్క్ అడ్రస్ ట్రాన్స్‌లేషన్) అంటారు.

అసలు చిక్కు శ్లాబుతోనే. దాన్ని దాటేసరికి 5 గిగాహెర్ట్జ్ వైఫై నీరసపడిపోతుంది, 2.4 కాస్త నయం. నన్నడిగితే మెట్ల పక్క నుంచి క్యాట్ 6 రకం నెట్‌వర్క్ కేబుల్ లాగించేయండి. 100 మీటర్ల దాకా ఢోకా లేదు.

పైన పాత రౌటర్ ఉంటే దాన్నే వాడుకోవచ్చు. కావలిలో మా అక్కావాళ్లింట్లో అలాగే పెట్టి, తెలియక కేబుల్‌ని వాన్ (WAN) పోర్టులో, అంటే బయటి నెట్ కోసం ఉండే రంధ్రంలో గుచ్చాను. నెట్ వచ్చింది గానీ, కింద ఉన్న కంప్యూటర్‌లో షేర్ చేసిన ఫోల్డర్ పైన కనపడదే! పైది వేరే నెట్‌వర్క్ అయిపోయింది మరి. ముందు పాత రౌటర్ సెట్టింగుల్లో దాని ఐపీని 192.168.1.250 లాంటి ఖాళీ నంబరుకి మార్చి, డీహెచ్‌సీపీ (DHCP, కంప్యూటర్లకు ఐపీ నంబర్లు పంచే పని) ఆపేయండి. తర్వాత కేబుల్‌ని లాన్ (LAN) పోర్టులో, అంటే ఇంట్లో కంప్యూటర్ల కోసం ఉండే రంధ్రంలో పెట్టండి.

స్పీడు మాత్రం అందరిదీ కలిపే. 100 ఎంబీపీఎస్ (సెకనుకు 100 మెగాబిట్లు) అంటే సెకనుకు 12.5 మెగాబైట్లు. ఒకరు సినిమా దించుకుంటుంటే మిగతావాళ్లకు ఆ కాసేపు నత్తనడకే.