పాత సెస్నా 172 చవగ్గా వస్తోంది, సేవింగ్స్ పెట్టేసి కొనేయనా?

ప్రశ్న: ప్రైవేట్ పైలట్ లైసెన్స్ వచ్చి నాలుగేళ్ళయింది సార్, మొత్తం 190 గంటలు ఎగిరాను, అంతా క్లబ్బులో రెంట్‌కి తీసుకునే. ఇప్పుడు 1978 మోడల్ సెస్నా 172ఎన్ చిన్న విమానం ఒకటి అమ్మకానికి వచ్చింది, మిగతా వాటికంటే బాగా తక్కువ చెప్తున్నారు. ఇంజిన్ ఓవర్‌హాల్ (మొత్తం విప్పి బాగుచేయడం) అయ్యాక 1,750 గంటలు తిరిగింది. సేవింగ్స్‌లో సగం పైనే పెట్టి మిగతాది లోన్ తీసుకుందామనుకుంటున్నా. ఫ్రెండ్స్‌ని తిప్పితే ఈఎంఐ కొంత వచ్చేస్తుంది కదా. రెంట్ కడుతుంటే డబ్బు నీళ్ళలో పోసినట్టుంది. కొనమంటారా? విమానం లాగ్‌బుక్‌వీ, నా లాగ్‌బుక్‌వీ పేజీలు కొన్ని ఫొటో తీసి పంపుతున్నా.

జవాబు: ముందు ఆ ఈఎంఐ సంగతి తేల్చేద్దామండీ, ఎందుకంటే మీ ప్లాన్ మొత్తం దాని మీదే నిలబడినట్టుంది. ప్రైవేట్ లైసెన్స్ అంటేనే డబ్బులు తీసుకోకుండా ఎగరడానికి ఇచ్చింది. ఎక్కినవాళ్ళు ఆ ట్రిప్పు ఖర్చులో తమ వాటా వేసుకోవడం వరకు కొన్ని చోట్ల ఒప్పుకుంటారు గానీ, ఆ మిషతో మీ లోన్ తీర్చుకుంటానంటే కుదరదు. పైగా డబ్బులు తీసుకుని తిప్పుతున్నప్పుడు ఏదన్నా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్ళు క్లెయిమ్ ఇవ్వం పొమ్మనొచ్చు. కాబట్టి ఆ ఆదాయం సున్నా అనుకునే లెక్క వేయండి.

ఇక చవగ్గా ఎందుకు చెప్తున్నారనేది. 172ఎన్‌లో ఉండేది లైకమింగ్ కంపెనీ తయారుచేసిన ఓ-320-హెచ్2ఏడీ, 160 హార్స్‌పవర్ ఇంజిన్. లైకమింగ్ చెప్పే ఓవర్‌హాల్ గడువు 2,000 గంటలు. మరి 1,750 అంటే ఇంకా 250 ఉన్నాయిగా అని మీకు అనిపిస్తుంది, కానీ నేను చూసేది వేరేలా. ఇంజిన్ జీవితంలో ఎనిమిదో వంతు మాత్రమే మిగిలింది, ఏడు వంతులు పాతాయన వాడేసుకున్నాడు, వాడిన దానికి బిల్లు మాత్రం మీ చేతిలో పెడుతున్నాడు. తగ్గించి చెప్తున్న ఆ మొత్తం డిస్కౌంట్ కాదండీ, రాబోయే ఓవర్‌హాల్ ఖర్చులో ఒక ముక్క, అంతే.

మీరు గమనించారో లేదో, లైకమింగ్ పెట్టిన గడువు గంటల్లోనే కాదు, 12 ఏళ్ళు అని కూడా ఉంది, ఏది ముందొస్తే అది. మీరు పంపిన పేజీల్లో ఓవర్‌హాల్ తేదీ చూస్తే 19 ఏళ్ళ కిందటిది. ప్రైవేట్ వాడకానికి ఈ గడువు దాటాక కూడా ఎగరనిచ్చే చోట్లు ఉన్నాయి, మీకు వర్తించే రూల్ ఏంటో మెకానిక్‌ని అడగండి. కానీ నన్ను భయపెట్టింది అది కాదు, మూడో ఫొటో. అందులో ఒక యాన్యువల్ ఇన్‌స్పెక్షన్‌కీ తర్వాతి దానికీ మధ్య టాక్ మీటర్ (ఇంజిన్ తిరిగిన గంటలు లెక్కపెట్టేది) ఎంత కదిలిందో చూడండి, 6 గంటలు. ఏడాది మొత్తానికి 6 గంటలు! ఆ ముందు ఏడాది 11. అంటే హ్యాంగర్లో నెలల తరబడి అలా పడి ఉంది. లైకమింగ్ ఇంజిన్లో క్యామ్‌షాఫ్ట్ (వాల్వులు తెరిపించే కడ్డీ) క్రాంక్‌షాఫ్ట్‌కి పైన ఉంటుంది, ఇంజిన్ ఆపేశాక ఆయిల్ మెల్లగా కిందకి జారిపోతుంది, అలా వదిలేస్తే పైన తుప్పు పడుతుంది, తర్వాత స్టార్ట్ చేసినప్పుడల్లా క్యామ్, అది నెట్టే లిఫ్టర్లు ఒకదాన్నొకటి గీకేసుకుంటాయి. అందులోనూ ఈ హెచ్2ఏడీ అనేది క్యామ్, లిఫ్టర్ల అరుగుదలకే పేరు పడ్డ ఇంజిన్, తర్వాత మార్పులు చేశారు గానీ పేరు పోలేదు. ఎక్కువ తిరిగిన ఇంజిన్ కంటే తిరగకుండా కూర్చున్న ఇంజిన్ అంటేనే నాకు భయం.

కొనడం ఒక ఎత్తు, మేపడం ఇంకో ఎత్తు. రెంట్‌లో గంటకి మీరు కట్టేది 100 అనుకుందాం, ఏ కరెన్సీ అయినా పర్లేదు. సొంతదైతే పెట్రోల్ (172 గంటకి 30 లీటర్లకి అటూ ఇటూగా తాగుతుంది), ఆయిల్, చిన్నా పెద్దా రిపేర్లు, ఓవర్‌హాల్ కోసం గంటకింత అని పక్కన పెట్టేది అన్నీ కలిపి గంటకి 60 అనుకోండి. ఇవి కాక ఎగిరినా ఎగరకపోయినా వచ్చి కూర్చునేవి హ్యాంగర్, ఇన్సూరెన్స్, యాన్యువల్, అవి ఏడాదికి 4,000 అనుకోండి. ఇవి నేను ఊరికే లెక్క కోసం పెట్టినవి, మీ దగ్గర అసలు అంకెలు కనుక్కుని వేసుకోండి. దీని ప్రకారం ఏడాదికి 100 గంటలు ఎగిరితే రెంట్‌కీ సొంతానికీ సమానం అవుతుంది. మీ లాగ్‌బుక్‌లో పోయినేడు 44, అంతకుముందు 38. అంటే సగటున 40 గంటలకి వేస్తే సొంత విమానం గంట 160 పడుతుంది, ఇందులో లోన్ వడ్డీ ఇంకా కలపలేదు! సొంతదైతే ఎక్కువ ఎగురుతాను అని మీరు అంటారు, అందరూ అంటారు, నేను సైకిల్ కొన్నప్పుడు కూడా అలాగే అన్నాను. మిమ్మల్ని ఆపుతున్నది విమానం దొరక్కపోవడమా, సెలవు దొరక్కపోవడమా అనేది మీకే తెలియాలి.

నా దగ్గరకి వచ్చే ఒకాయన ఇలాగే బేరం బాగుందని కొన్నాడు, మొదటి యాన్యువల్‌లోనే రెండు సిలిండర్లు తీయాల్సొచ్చింది, తీస్తే లోపల ఇంకేవో బయటపడ్డాయి, బిల్లు కొన్న ధరలో పావు వంతు దాకా వెళ్ళింది. ఆయన దగ్గర పక్కన డబ్బుంది కాబట్టి తట్టుకున్నాడు. మీరు సేవింగ్స్‌లో సగం పైనే పెట్టేసి పైన లోన్ పెట్టుకుంటే అదే బిల్లు వచ్చిన రోజు విమానం హ్యాంగర్లో, ఈఎంఐ మీ నెత్తిన. అందుకే ఒక పూర్తి ఓవర్‌హాల్‌కి సరిపడా డబ్బు, ఇంటి ఖర్చుల ఎమర్జెన్సీ ఫండ్ ముట్టుకోకుండా విడిగా లేకపోతే ఏ విమానమూ కొనొద్దనే నేను చెప్పేది.

మరి వదిలేయాలా అంటే, అక్కర్లేదు. మీ క్లబ్బులోనే మీలా 40 గంటలు ఎగిరేవాళ్ళు ఇంకో ముగ్గురు దొరికితే అదే లెక్క మళ్ళీ వేయండి, 4,000లో మీ వాటా 1,000, నలభై గంటలకి పంచితే 25, దానికి 60 కలిపితే గంటకి 85. రెంట్ కంటే తక్కువ. పైగా ఏడాదికి 160 గంటలు తిరుగుతుంది కాబట్టి ఇంజిన్‌కీ మంచిదే. అయితే ఎంత క్లోజ్ ఫ్రెండ్స్ అయినా కాగితం మీద రాసుకోండి, ఒకరు తప్పుకుంటే వాటా ఎవరు ఏ ధరకి కొనాలి, ఎవరి చేతిలో డ్యామేజ్ అయితే డిడక్టబుల్ (క్లెయిమ్‌లో ఇన్సూరెన్స్ ఇవ్వకుండా మన జేబులోంచి పోయే భాగం) ఎవరు కట్టాలి, కొత్త రేడియో కావాలని ఇద్దరంటే మిగతా ఇద్దరూ కట్టాలా, ఇలాంటివన్నీ. ఓవర్‌హాల్ డబ్బు గంట గంటకీ జాయింట్ అకౌంట్లో పడాలి, తర్వాత చూద్దాం అంటే ఆ తర్వాత ఎప్పటికీ రాదు.

ఈ విమానమే కావాలనుకుంటే ఇన్నాళ్ళూ దానికి యాన్యువల్ చేసిన మెకానిక్ కాకుండా వేరే వాళ్ళతో, మీ ఖర్చుతో, కొనేముందే ప్రీ-బై ఇన్‌స్పెక్షన్ చేయించండి. కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్లలో ఒత్తిడి నిలుస్తుందా అని చూసేది) బాగా వచ్చినా సరిపోదు, అది క్యామ్ సంగతి చెప్పదు, సిలిండర్ ఒకటి తీసి లోపల చూడనిస్తారా అని అడగండి. ఆయిల్ ఫిల్టర్ కోసి మెటల్ ముక్కలు ఉన్నాయేమో చూడాలి. విమానం పేరు మీద అప్పులేమన్నా ఉన్నాయా, లాగ్‌బుక్కులు మొదటి నుంచీ ఉన్నాయా, ఇవి కూడా. చూడనివ్వను అంటే ఇంజిన్‌కి ఓవర్‌హాల్ ఇప్పుడే చేయించాలన్నట్టు లెక్కేసి, ఆ ఖర్చంతా ధరలో తగ్గించి బేరం మాట్లాడండి, లేదంటే లేచి వచ్చేయండి. 172లు 44 వేలకి పైగా తయారయ్యాయి, ఇంకోటి వస్తుంది.

ఇంకో మాట, దీన్ని చాలామంది మర్చిపోతారు. మీ లైఫ్ ఇన్సూరెన్స్ పాలసీ తీసి మినహాయింపుల పేజీ చదవండి, ప్రైవేట్‌గా విమానం నడుపుతూ పోతే క్లెయిమ్ రాదని కొన్నింట్లో ఉంటుంది, ఇప్పుడు రెంట్‌లో ఎగురుతున్నా అది మీకు వర్తిస్తుంది. ఆ పని ఇవాళే చేయండి. విమానానికి ఇన్సూరెన్స్ కోట్ మీ 190 గంటల అనుభవం చెప్పి తెప్పించుకోండి, మిగతా లాగ్‌బుక్ పేజీలతో కలిపి పంపండి, అప్పటిదాకా అడ్వాన్స్ మాత్రం ఇవ్వకండి.