అంబాసిడర్ డోర్ లోపలి రెగ్జిన్ ఉబ్బుతోందా?

మళ్లీ మళ్లీ అతికించినా ఉబ్బుతోందంటే గమ్ తప్పు కాదు, రెగ్జిన్ వెనకున్న హార్డ్‌బోర్డు తడుస్తోంది. రెండుసార్లు అతికించినా రెగ్జిన్ కింది అంచు దగ్గరే లేస్తోందంటే కారణం అదే. అద్దం మీదుగా వాన నీరు డోర్‌లోకి దిగడం మామూలే. అది కింది రంధ్రాల్లోంచి బయటికి పోవాలి.

1. హ్యాండిళ్లు, ఆర్మ్‌రెస్ట్ తీసి, క్లిప్పుల పక్కనే మెల్లగా ఎత్తి బోర్డు ఊడదీయండి. మూల పట్టి లాగితే విరుగుతుంది.

2. బోర్డును నీడలో బరువు కింద ఆరబెట్టండి. ఎండలో పెడితే అప్పడంలా వంగుతుంది. పొడి రాలుతుంటే పాతదాన్నే అచ్చుగా పెట్టి కొత్తది కోయించి, రెండు వైపులా, అంచులకూ వార్నిష్ వేయండి.

3. అందరూ వదిలేసేది ఇదే. డోర్ కింది రంధ్రాల్లో గట్టిపడ్డ దుమ్మును తీగతో తీయండి. బోర్డు వెనక మందపాటి పాలిథీన్ షీట్ ఉండాలి, పాత బండ్లలో చాలావరకు చిరిగిపోయి ఉంటుంది. కొత్తది వేసేటప్పుడు దాని కింది అంచు డోర్ రేకు లోపలికి వెళ్లాలి. బయటికి వేలాడితే నీళ్లు నేరుగా బోర్డు మీదికే వస్తాయి, ఇంత పనీ వృథా.

బోర్డు పెట్టకముందే అద్దం మీద చెంబెడు నీళ్లు పోయండి. డోర్ కింద కారాలి, షీట్ ఇవతలి వైపు పొడిగా ఉండాలి.

4. పాత గమ్ గీకేయండి. థిన్నర్ వద్దు, రెగ్జిన్ పాడవుతుంది. తెల్ల ఫెవికాల్ కాకుండా ఎస్‌ఆర్ రకం (సింథటిక్ రబ్బరు గమ్) రెగ్జిన్‌కూ బోర్డుకూ రాసి, చేతికి అంటనంత ఆరాక నొక్కండి.