‘రిప్రజెంట్’ అంటే ప్రతిచోటా ప్రాతినిధ్యమేనా?

‘రిప్రజెంట్’ అనే ఇంగ్లిష్ క్రియకు డిక్షనరీలో ప్రాతినిధ్యం వహించు, సూచించు, చిత్రించు అని మూడు నాలుగు అర్థాలు కనిపిస్తున్నాయి, ఎక్కడ ఏది వాడాలో ఎలా తెలుస్తుంది అని అడిగారు. అనువాదాలు దిద్దడం నా పని కాబట్టి ఈ మాటతో నాకు రోజూ లావాదేవీలే. వాక్యంలో నేను ముందు చూసేది కర్తను. సగం చిక్కు అక్కడే విడిపోతుంది.

కర్త మనిషో సంస్థో అయితే, సాధారణంగా ఇంకొకరి తరఫున నిలబడుతున్నట్టు. క్రీడాకారిణి తన దేశానికి ప్రాతినిధ్యం వహిస్తుంది. లాయరు విషయంలో మాత్రం ‘క్లయింటు తరఫున వాదిస్తున్నారు’ అంటేనే తెలుగులా ఉంటుంది.

కర్త గుర్తో, రంగో, అక్షరమో అయితే ‘సూచిస్తుంది’ చాలు. మ్యాపులో నీలం నీటిని సూచిస్తుంది, ఫిజిక్స్ సూత్రాల్లో ‘సి’ కాంతి వేగాన్ని సూచిస్తుంది. ‘సింబలైజ్’ కూడా ఇదే కదా అంటారు కొందరు. పూర్తిగా కాదు. పావురం శాంతికి ప్రతీక అన్నప్పుడు దాని వెనుక ఒక భావన, ఒక సంప్రదాయం ఉన్నాయి. మ్యాపులోని నీలానికి అలాంటి బరువేమీ లేదు, అది కేవలం ఒప్పందం. ఈ అర్థంలో ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు ‘ఈజ్ రిప్రజెంటింగ్’ అనకండి, ‘రిప్రజెంట్స్’ అనే అనాలి. క్రీడాకారిణికైతే రెండూ నడుస్తాయి.

అసలు తంటా అంకెల దగ్గర. ‘దిస్ రిప్రజెంట్స్ ఎ 10 పర్సెంట్ ఫాల్’ అని ఉంటే, ‘ఇది 10 శాతం తగ్గుదలకు ప్రాతినిధ్యం వహిస్తోంది’ అని రాసినవి నా ముందుకు తెగ వస్తుంటాయి. తగ్గుదల తరఫున ఎవరు నిలబడతారండీ! ఇక్కడ ఆ క్రియకు ‘అవుతుంది’ అన్నంత పనే ఉంది. ‘అంటే 10 శాతం తగ్గినట్టు’ అని రాసి ముందుకు వెళ్లిపోవడమే.

వెనకాల ‘యాజ్’ వస్తే మాత్రం జాగ్రత్త. ‘హీ రిప్రజెంటెడ్ హిమ్‌సెల్ఫ్ యాజ్ ఎ డాక్టర్’ అంటే డాక్టరునని చెప్పుకున్నాడని. నిజంగా డాక్టరేనా అన్న అనుమానం తరచుగా అందులోనే ఉంటుంది. ఉన్నదాన్ని వక్రీకరించి చెబితే ‘మిస్‌రిప్రజెంట్’.

బొమ్మలు, కథల సంగతి తేలికే: చిత్రించడం, చూపించడం. ఇక ‘రీ’ తర్వాత హైఫన్ కనిపిస్తే అది వేరే మాట, మళ్లీ సమర్పించడం. వెనక్కి వచ్చిన చెక్కును బ్యాంకులో మళ్లీ వేసినప్పుడు వాడేది అదే.