పెర్నిల్ ఇంట్లో చేస్తే తోలు కరకరలాడాలంటే ఏం చేయాలి?

కరీబియన్ దీవి ప్యూర్టో రికోలో క్రిస్మస్‌కి చేసే పెర్నిల్, అంటే తోలుతో సహా కాల్చిన పంది భుజం, మామూలు ఇంటి ఓవెన్‌లో చక్కగా వస్తుంది. తొందర మాత్రం పనికిరాదు.

3 కిలోల ముక్కకి రెండు వెల్లుల్లి గడ్డలు, ఆరు టీస్పూన్ల ఉప్పు, మిరియాలు, ఎండు ఒరెగానో రోట్లో దంచి, ఆలివ్ నూనె, కాస్త వెనిగర్ కలపండి. అక్కడివాళ్లూ చిన్న చెక్క రోట్లోనే దంచుతారు. మాంసానికి కత్తితో లోతుగా గాట్లు పెట్టి, ఆ ముద్దను వేలితో లోపలికంటా కూరండి. పైపైన పూస్తే రుచి దిగదు. తోలుకి ఉప్పు ఒక్కటే రాయండి, వెల్లుల్లి అంటితే మాడుతుంది. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాలి.

మర్నాడు తోలు పైకి ఉండేలా పెట్టి, ఫాయిల్ కప్పి, 150 డిగ్రీల సెల్సియస్‌లో నాలుగైదు గంటలు. లోపల 90 డిగ్రీలకు చేరితే బిగువు పొరలు కరిగి, మాంసం ఫోర్క్‌తోనే విడిపోతుంది. అప్పుడు ఫాయిల్ తీసేసి, 220లో 20–30 నిమిషాలు. తోలు బుడగలు లేచి, చెంచాతో కొడితే టకటకమనాలి. ఈ దశలో ఓవెన్ దగ్గర నుంచి కదలకండి, రెండు నిమిషాల్లో నల్లబడిపోతుంది.

పెర్నిల్‌తో పాటు ప్యూర్టో రికోవాళ్లు తినేది గండూలెస్ వేసి వండిన అన్నం. గండూలెస్ అంటే మన కందులే! పచ్చి కందికాయలు దొరికితే అదీ చేసుకోండి.