నెర్హా సముద్రం, ఫ్రిహిలియానా మెట్లు

చి. హారికకు పెద్దమ్మ ఆశీస్సులు.

జూన్‌లో అత్తగారినీ పిల్లాణ్నీ తీసుకుని స్పెయిన్‌లో నెర్హా వెళ్దామనుకుంటున్నామని రాశావు. ఊరు మంచిదే. ముందు వీసా సంగతి తేల్చుకోండి. లండన్‌లో ఉంటున్నా మీవి ఇండియన్ పాస్‌పోర్టులే కాబట్టి షెంగెన్ వీసా (స్పెయిన్‌తో సహా చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే వీసా) తప్పదు. ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఫీజు పెద్దవాళ్లకి 90 యూరోలు, ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి. మీ దగ్గరికి విజిటర్‌గా వచ్చే అత్తగారు మాత్రం ఇండియాలోనే దరఖాస్తు పెట్టి, వీసా వేయించుకుని బయల్దేరాలి. అక్కడికొచ్చాక చూద్దాంలే అనుకుంటే ఆవిడ లండన్‌లోనే ఉండిపోవాల్సొస్తుంది.

నెర్హాకి రైలు లేదు. మాలగా ఎయిర్‌పోర్టులో సీ-1 లోకల్ రైలు ఎక్కి మరియా సంబ్రానో స్టేషన్లో దిగితే బస్టాండు పక్కనే. అక్కణ్నుంచి తూర్పుకి సుమారు 50 కిలోమీటర్లు, బస్సులో గంటా గంటన్నర. కుడివైపు కూర్చోండి, సముద్రం అటే. ఫ్లైటు రాత్రి దిగేదైతే ఆఖరి బస్సు ఎన్నింటికో ముందే చూసుకోండి.

ఆ ప్రాంతంలో ఎంత దూరం అని కాదమ్మా, ఎంత ఎత్తు అని అడగాలి. బుర్రియానా బీచ్ ఎదురుగా గది ఫొటోల్లో బాగుంటుంది గానీ, ఊళ్లోకి రావాలంటే ప్రతిసారీ నిట్టనిలువు ఎక్కుడు. మోకాళ్ల నొప్పులున్న మనిషితో ఆ పని పెట్టుకోవద్దు. బాల్కన్ దె యూరోపా దగ్గర, చదునుగా ఉన్న వీధిలో, లిఫ్టున్న ఇల్లు తీసుకోండి. బాల్కన్ అంటే సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండకొమ్ము మీది మైదానం. 1884 డిసెంబరు భూకంపం తర్వాత మర్నెలలో పన్నెండో అల్ఫోన్సో రాజు అక్కడికొచ్చాడు. సాయంత్రం ఊరంతా అక్కడే తిరుగుతుంది, ఆవిడకి పొద్దుపోతుంది.

బీచిలో ఇసుక సన్నగా ఉండదు. బూడిదరంగు ముతక ఇసుక, మధ్యలో గులకరాళ్లు. పిల్లాడికి నీళ్లలో వేసుకునే రబ్బరు చెప్పులు కొనండి. జూన్‌లో నీళ్లు ఇంకా చల్లగానే ఉంటాయి. ఎర్రజెండా ఎగిరితే దిగొద్దు, పసుపైతే పిల్లాణ్ని దింపొద్దు. జెల్లీఫిష్ తగిలితే ఆ చోటు సముద్రపు నీళ్లతోనే కడగాలి. మంచినీళ్లు పోస్తే మంట ఇంకా పెరుగుతుంది.

నెర్హా పక్కనే మారో అనే ఊరి దగ్గరి గుహలు తప్పక చూడండి. 1959లో కుర్రాళ్లు కనిపెట్టారు. లోపల 32 మీటర్ల ఎత్తున్న రాతి స్తంభం ఉంది. టికెట్టుకి టైము ఉంటుంది, ముందే ఆన్‌లైన్లో తీసుకోండి. లోపలంతా మెట్లే, పైగా చెమ్మ. అత్తగారు రావాలా వద్దా అన్నది ఆవిణ్నే అడగండి, మొహమాటానికి తీసుకెళ్లొద్దు. ఆదిమానవుల బొమ్మలున్న భాగంలోకి సందర్శకుల్ని పంపరు.

ఇక కొండ ఊళ్లు. ఫ్రిహిలియానా ఆరు కిలోమీటర్లే. నెర్హా నుంచి చిన్న బస్సు ఇరవై నిమిషాల్లోపే దింపేస్తుంది. ఆదివారాలూ సెలవు రోజులూ బస్సుల్ని నమ్ముకోకండి, టాక్సీ మేలు. పొద్దున్న తొమ్మిదికల్లా అక్కడుండాలి, లేదా సాయంత్రం ఆరు దాటాక వెళ్లాలి. మధ్యాహ్నం టూరిస్టు బస్సుల జనం ఒకవైపు, తెల్లగోడల మీద పడి కళ్లలో కొట్టే ఎండ ఇంకోవైపు. పాత పేటలో నేలంతా నిలువుగా పొదిగిన గులకరాళ్లే. నడిచి నడిచి నున్నగా అరిగిపోయాయి. తోలు అడుగు చెప్పులు సర్రున జారతాయి, దిగేటప్పుడు మరీను. అత్తగారు రియల్ వీధి మీదుగా చర్చి ముందు చౌకు దాకా నిదానంగా నడిస్తే చాలు, పై మెట్లు మీరిద్దరూ వంతులవారీగా ఎక్కి రండి. 1569లో అక్కడి మోరిస్కోల (బలవంతంగా క్రైస్తవంలోకి మార్చిన ముస్లింల) తిరుగుబాటుని అణిచేసిన కథ గోడల మీద పింగాణీ పలకల్లో ఉంటుంది.

తిండి దగ్గరే మనవాళ్లు బోల్తా పడేది. మాంసం వద్దంటే పంది హామ్ ముక్కలు మాంసం లెక్కలోకి రావనుకునే వంటవాళ్లున్నారు. సలాడ్‌లో ట్యూనా చేప, సల్మొరెఖో అనే చల్లటి టమాటా సూప్ మీద హామ్ చల్లి తెస్తారు. "సిన్ హమోన్, సిన్ అతూన్" (హామ్ వద్దు, ట్యూనా వద్దు) అని విడివిడిగా చెప్పాలి. అత్తగారికి ధైర్యంగా పెట్టగలిగేది వేయించిన వంకాయ ముక్కల మీద చెరకు పాకం పోసిచ్చే వంటకం. ఆ పాకం ఫ్రిహిలియానాలోనే కాస్తారు, మన బెల్లప్పాకంలాగే నల్లగా, కాస్త చేదు తగులుతూ ఉంటుంది. చేపలు వేయించిన నూనెలోనే వేయిస్తున్నారేమో మాత్రం కనుక్కోండి. బాదం, వెల్లుల్లితో చేసే అహోబ్లాంకో అనే చల్లటి సూప్ కూడా శాకాహారమే. మధ్యాహ్నం భోజనం రెండింటికి, రాత్రిది ఎనిమిదిన్నర తర్వాతే. పిల్లాడు అంతసేపు ఆగడు, ఏడింటికి ఇంట్లోనే అన్నం వండి పెట్టేయండి. ఆదివారం దుకాణాలు మూసి ఉండొచ్చు, పాలూ పెరుగూ శనివారమే తెచ్చుకోవడం మేలు.

కోంపెతా అనే ఇంకో కొండ ఊరికి వెళ్లాలంటే కారు ఉంటేనే సుఖం. సముద్రమట్టానికి ఆరువందల మీటర్ల పైన, తియ్యటి మస్కటెల్ వైన్‌కి పేరు. దారంతా మలుపులే, పిల్లాడికి కడుపు నిండా పెట్టి ఎక్కించకండి. కారు అద్దెకి డ్రైవ్ చేసేవాళ్ల పేరు మీదే క్రెడిట్ కార్డు అడుగుతారు, డెబిట్ కార్డు చాలాచోట్ల ఒప్పుకోరు. అల్లుడికి ఇది ఇప్పుడే చెప్పు.